తవిటికి కొన్న కొడుకు

యుద్ధం మొదలై వారమయింది. మంత్రసాని వెంకాయమ్మ కన్నుమూసి పన్నెండు రోజులయింది. ఆమె ఇంటి వసారా గదిలో మూడేళ్ళుగా అద్దెకుంటున్న నర్సు జ్ఞానమణి చేతిలో, నిన్న పొద్దువాలే వేళ, పోస్టుమాన్ లాజరు ఒక తంతి పెట్టి వెళ్ళాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగు ముక్కల సారాంశం ఇది: ‘శ్రీమతి వెంకాయమ్మకు. మీ కుమారుడు సిపాయి అంకారావు తీవ్రంగా గాయపడి మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాడు. తల్లి వచ్చి చూడవచ్చు. రైలు పాసు పంపుతాం. ఆమెను పంచాయతీ వారు ధ్రువపరిచి వెంటనే తంతి ఇవ్వవలెను.’

వెంకాయమ్మకు పిల్లలు లేరు. ఊళ్ళో సగంమందిని భూమ్మీదికి దించిన చేతులు సొంత బిడ్డను ఒక్కసారీ ఎత్తుకోలేదని ఆమె శవం దగ్గర కూర్చుని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. మరి ఈ కొడుకెవరు? అంకారావు అనే పొడుగాటి కుర్రవాడు సెలవుల్లో వచ్చినప్పుడు వెంకాయమ్మను ‘అమ్మా’ అని పిలవడం జ్ఞానమణికి గుర్తుంది. కానీ ఆమెను అమ్మా అని పిలవనివాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు గనుక?

తెల్లవారగానే ఆమె తంతిని మడిచి సంచిలో పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు బయలుదేరింది.

డెబ్బై ఒకటో సంవత్సరపు ఆ డిసెంబరు నెల తిరువూరును చూసినవాళ్ళు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. బెజవాడ నుంచి వచ్చే బస్సుల దీపాలకు పైసగం నల్లరంగు పూసి ఉండేది. చీకటి పడ్డాక అవి కునికిపాట్లు పడుతున్న ముసలివాళ్ళలా ఊళ్ళోకి వచ్చేవి. కార్డు రాస్తే మామూలు తపాలా బిళ్ళ పక్కన శరణార్థుల కోసమని ఇంకో ఐదు పైసల బిళ్ళ అంటించాలి. హైస్కూలు ఆవరణలో పిల్లలచేత కందకాలు తవ్వించారు. ఏ విమానమూ తిరువూరు మీదికి రాలేదు గాని, ఆ కందకాల్లో దాక్కోవడం పిల్లలకు మంచి ఆటయింది. వార్తల వేళకు పంచాయతీ రేడియో కింద జనం గుమిగూడేవారు. ఎక్కడో తూర్పున నదులు, ఊళ్ళు. వాటి పేర్లు సరిగా పలకలేకపోయినా, వాటిలో తమవాడెవడో ఉన్నట్టే వినేవారు.

తమవాడొకడు అక్కడ గాయపడి ఉన్నాడని ఆ ఉదయం వరకు జ్ఞానమణికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

పంచాయతీ గుమాస్తా వీరరాఘవయ్య బీరువా ముందు ముక్కాలిపీట వేసుకుని రిజిస్టర్ల దుమ్ము దులుపుతున్నాడు. ఆమెను చూడగానే తుమ్మాడు. అది దుమ్ము వల్లనో, పొడుం వల్లనో చెప్పడం కష్టం.

“చీటీ తెచ్చావా అమ్మాయ్?”

“లేదండి బాబాయి గారూ.”

“గడువు దాటింది తల్లీ. మధ్యాహ్నం బస్సుకి హెల్త్ ఇన్‌స్పెక్టరు దిగుతున్నాడట. అంతోనయ్య గారని, కొత్తాయన. యుద్ధం రోజులు గదా, ఎక్కడ కలరా పుడుతుందోనని ఊరూరా పుట్టుకల పుస్తకాలు, చావుల పుస్తకాలు తిరగేస్తున్నాడు. వెంకాయమ్మ చావు రాయకపోతే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి.”

ఆ చీటీ జ్ఞానమణి సంచిలోనే ఉంది. పన్నెండు రోజులుగా ఉంది. పేరు రాసింది. వయసు అరవై తొమ్మిదని రాసింది. ‘కారణం’ అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఒక మనిషి పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టి, అవి కాగేలోపు గోడకు ఆనుకుని వెళ్ళిపోయింది. దానికి కారణం ఏమని రాయాలో జ్ఞానమణికి తోచలేదు. రోజూ చీటీ తీసేది, చూసేది, మళ్ళీ మడిచేది.

ఇప్పుడు చీటీకి బదులు తంతి తీసి ఆయన చేతిలో పెట్టింది. వీరరాఘవయ్య దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

“అంకిగాడు” అన్నాడు.

లేచి బీరువా అడుగు అర నుంచి ఒక పుస్తకం లాగి, వెతుక్కోకుండానే పేజీ తీశాడు. వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభై. మగబిడ్డ. తల్లి: వెంకాయమ్మ, వయసు నలభై ఎనిమిది, మంత్రసాని. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక అడ్డగీత.

“ఇదేంటండీ?”

“తొందరపడకు. ఇంకా ఉన్నాయి.”

ఆయన పేజీలు తిప్పుతూ పోయాడు. మరో పుస్తకం, ఇంకో పుస్తకం. ప్రతిచోటా ఆయన వేలు ఆగిన వరసలో ఒకటే పేరు. తల్లి: వెంకాయమ్మ. తల్లి: వెంకాయమ్మ. నలభై ఆరు నుంచి అరవై మూడు దాకా మొత్తం పంతొమ్మిదిమంది. ఆ పిల్లల పేర్లు చదువుతుంటే జ్ఞానమణికి ఒక్కొక్క ముఖమే కళ్ళముందుకు వచ్చింది. రైసుమిల్లులో కాటా దగ్గర నిలబడేవాడు, విస్సన్నపేట బస్సు కండక్టరు, బస్టాండు పక్క దర్జీ. మొన్న పదోనాటి కర్మ తర్వాత ఊళ్ళో ఎటు చూసినా గుండు చేయించుకున్న మగవాళ్ళే కనిపిస్తుంటే, ఏ మొక్కుబడులో తీర్చుకుని వచ్చారనుకుంది. చర్చివాళ్ళ శౌరయ్య గుండు చేయించుకోలేదు గాని, సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి గాలికి ఆరిపోకుండా గంటసేపు అరచేయి అడ్డం పెట్టి కూర్చున్నాడు. ఆ పేరు కూడా ఈ పుస్తకంలో ఉంది.

“తవుడు పోసి కొన్నారా వీళ్ళందర్నీ?” అంది నెమ్మదిగా.

“చేటెడు తవుడు. ఒక్కో బిడ్డకి ఒక్కో చేట.”

ఆ ఆచారం ఆమెకు తెలియనిది కాదు. బిడ్డలు బతకని ఇంట్లో కాన్పయితే, పురిటి మంచం మీదనే ఆ పసిగుడ్డును ఎవరికైనా అమ్మేస్తారు. కొన్నావిడ చేటెడు తవుడు పోసి బిడ్డను పుచ్చుకుంటుంది. ఆ పైన కన్నతల్లి పాలిస్తుంది, పెంచుతుంది, కానీ నా బిడ్డ అని నోటితో అనదు. చావు గడపలోకి వచ్చి ఈ ఇంట్లో బిడ్డలున్నారా అని అడిగితే, లేరని చెప్పడానికి.

“నోటిమాట వేరు, రిజిస్టరు వేరు కదండీ. మీరెట్లా రాశారు?”

“నేనూ అదే అన్నాను. అంటే ఆవిడేమందో తెలుసా?” వీరరాఘవయ్య చీకిపోయిన అట్టమీద చెయ్యి వేసి, వెంకాయమ్మ గొంతును తెచ్చుకున్నాడు. “‘ఏవయ్యా, నోటితో అబద్ధమాడి కాగితం మీద నిజం రాస్తే ఎట్టా? పుట్టుకల పుస్తకం, చావుల పుస్తకం ఒకే బీరువాలో పక్కపక్కన పెడతావు గదా. నువ్వు తాళమేసి పోయాక అవి రెండూ మాట్టాడుకోవూ?’ అంది.”

“మీరు...”

“నవ్వాను. నవ్వి, రాశాను. మా ఇద్దరు పిల్లలకీ బొడ్డు కోసిన మనిషి. ఆవిడ చెప్పింది కాదనడానికి నేనెవర్ని?” ఆయన గొంతు తగ్గించాడు. “పాతికేళ్ళుగా చావులు కూడా నేనే రాస్తున్నానమ్మాయ్. కలరా వచ్చిన ఏడాది ఒక్కపూటలో పదకొండు రాశాను. వెంకాయమ్మ పేరు మీద ఉన్న ఈ పంతొమ్మిదిమందిలో ఒక్కరూ ఆ పుస్తకంలోకి రాలేదు. ఏటా ఉగాదికి ముందు తీసి చూసుకుంటాను. సర్కారు చెప్పిన పని కాదది. నా పని.”

జ్ఞానమణి తంతిని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“ఇప్పుడేం చేద్దామండీ?”

“దారి ఒకటే. కన్నతల్లి వచ్చి, ఈ బిడ్డ నాది అని ఇద్దరు సాక్షుల ఎదట వేలిముద్ర వేస్తే పుస్తకం దిద్దుతాను. ఆమే తల్లి అని తంతి ఇస్తాం. పాసు వస్తుంది, పోయి కొడుకును చూసుకుంటుంది. కట్లేటి వైపు పొలాల్లో ఉంటుందే, ఏడుకొండలు పెళ్ళాం పిచ్చమ్మ, ఆమే. పోయి చెప్పు.” తల అడ్డంగా ఊపాడు. “ఒప్పుకోదు. చెప్పి చూడు.”

*

కట్లేటి దారిలో మామిళ్ళు అప్పుడే పూతకు వస్తున్నాయి. ఈ దారిన జ్ఞానమణి ఎన్నోసార్లు వెంకాయమ్మ వెనక నడిచింది. విస్సన్నపేట నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ట్రైనింగులో నేర్చినదంతా పుస్తకంలో రాసుకుని తిరిగేది. వెంకాయమ్మ ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, “నీ పుస్తకంలో కాలికి ముల్లు గుచ్చుకోకుండా నడవడం రాశారా?” అని ఎగతాళి చేసేది. ఒకసారి జ్ఞానమణికి కోపం వచ్చింది. ఒక బాలింత ఇంట్లో చేట, తవుడు చూసి, “ఇట్లాంటి మూఢనమ్మకాలు మీరే నేర్పితే ఎట్లాగండీ?” అని అందరి ముందూ అనేసింది.  దారిలో వెంకాయమ్మ ఒక్కమాట అంది. “నీ పుస్తకం పని నీది. నా చేట పని నాది. రెండూ కలిసి ఒక్క బిడ్డని బతికిస్తే చాల్లే అమ్మాయ్.”

ఆ మాటకు అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలన్నా వినేవాళ్ళు లేరు.

కళ్ళంలో పిచ్చమ్మ ఎత్తుపీట మీద నిలబడి వడ్లు తూర్పారబడుతోంది. నలభై ఐదేళ్ళుంటాయేమో. సన్నగా, నిటారుగా, గడకర్రలా ఉంటుంది. కూలికి వచ్చిన చిట్టెమ్మ కింద నుంచి గంప అందిస్తోంది. నర్సును చూడగానే చిట్టెమ్మ నోరు ఊరుకోలేదు.

“ఏంటి నర్సమ్మా, పిల్లల ఆపరేషన్లకి మనుషులు దొరకటంలేదా? పిచ్చమ్మక్క దగ్గరికొచ్చావు? ఆయమ్మకి మొగుడు పోయి ఆరేళ్ళాయె!”

“నోర్ముయ్యవే. పోయి కుండతో నీళ్ళు పట్రా” అంది పిచ్చమ్మ. చిట్టెమ్మ నవ్వుకుంటూ వెళ్ళింది. పిచ్చమ్మ పీట దిగలేదు. “చెప్పు నర్సమ్మా. గాలి బాగుంది. ఇప్పుడాపితే మళ్ళీ రేపే.”

జ్ఞానమణి తంతిని తెలుగులో చదివి వినిపించింది. తొందర లేకుండా, ఒక్కమాట కూడా కలపకుండా, తగ్గించకుండా.

చేటలోంచి వడ్లు ఆగకుండా జారుతూనే ఉన్నాయి. ఊక ఒక పక్కకు ఎగిరిపోయింది.

“వెంకాయమ్మకొచ్చిన తంతి నాకు చదువుతావేంటి?”

“వెంకాయమ్మ గారు లేరు కదా పిచ్చమ్మ గారూ.”

“లేకపోతే వెనక్కి పంపు. వాడు వెంకాయమ్మ కొడుకు. ఊరంతా ఎరిగిందే.”

“గుమాస్తా గారు నాకంతా చెప్పారు.”

చేట ఆగింది. కానీ ఆమె మొహం మారలేదు. వంగి, కింద గంపలోంచి తనే వడ్లు ఎత్తుకుని మళ్ళీ నిటారయింది.

“కాలా, చెయ్యా?” అంది, వడ్లనే చూస్తూ.

“అందులో లేదండీ.”

“తీవ్రం అంటే?”

“బాగా దెబ్బ తగిలిందని. అంతకంటే నాకూ తెలియదు. ఆసుపత్రిలో ఉన్నాడంటే డాక్టర్లు చూస్తున్నారన్నమాటే. మిమ్మల్ని రమ్మన్నారు.”

“తల్లిని ఎప్పుడు రమ్మంటారు నర్సమ్మా?”

ఆ ప్రశ్నకు జ్ఞానమణి దగ్గర నిజమైన జవాబు ఒకటి ఉంది. దాన్ని చెప్పలేదు. అబద్ధమూ చెప్పలేదు. సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. అది చూసి పిచ్చమ్మ పీట దిగింది.

“ఒక్క వేలిముద్రండీ. బిడ్డ నాదేనని మీరు వచ్చి చెబితే పుస్తకం దిద్దుతారు. రేపటికల్లా తంతి పోతుంది. నాలుగు రోజుల్లో అంకారావు పక్కన ఉంటారు.”

“వేలిముద్ర వేస్తే నావాడవుతాడు” అంది పిచ్చమ్మ. “నావాళ్ళయిన నలుగురూ ఎక్కడున్నారో తెలుసా నీకు? చూపిస్తాను దా.”

ఆమె చేత్తో చూపించింది. చేను గట్టు దాటాక, తుమ్మచెట్ల అవతల, ఏ గుర్తూ లేని మిట్ట. “మొదటిది ఆడపిల్ల. పదకొండు నెల్లు. అమ్మవారు పోసింది. రెండోవాడు తొమ్మిదోనాడు నోరు బిగిసిపోయి చనుమొన పట్టలేకపోయాడు. మూడోది నడిచింది గూడాను, కాళ్ళకి గజ్జెలు పెట్టాను. వాంతులు పట్టుకున్నాయి, పొద్దున్న మొదలై సందేళకి అయిపోయింది. నాలుగోవాడు ఏడవనే లేదు. నలుగుర్నీ ‘నా తల్లే, నా తండ్రే’ అని నోరారా పిలుచుకున్నాను. అంకిగాణ్ణి ఒక్కనాడన్నానా? ‘ఒరే వెంకాయమ్మ కొడకా, అన్నం తినిపో’ అనేదాన్ని. వాడు ‘వస్తున్నా పిన్నీ’ అనేవాడు. ఇరవై ఒక్కేళ్ళు. మిలటరీకి పోయేరోజు బస్సు కాడ గూడా అట్టాగే పిలిచాడు.”

మశూచి. ధనుర్వాతం. కలరా. జ్ఞానమణి మనసులోని పుస్తకం ఒక్కొక్కదాని ఎదురుగా పేరు రాసుకుంటూ పోయింది. అలవాటు. ఆ అలవాటే ఆమె చేత మాట్లాడించింది.

“వాళ్ళు మీరు పిలవడం వల్ల పోలేదమ్మా. టీకా లేక ఒకరు. కొడవలితో బొడ్డు కోసి ఉంటారు, అందుకు ఒకరు. నీళ్ళు కాచకుండా...”

“నాకు తెలుసు” అంది పిచ్చమ్మ.

జ్ఞానమణి ఆగిపోయింది.

“నువ్వు పుట్టినప్పుడే తెలుసు నాకా సంగతి. వెంకాయమ్మ చెప్పింది. అంకిగాడు పుట్టినప్పుడు బ్లేడు సలసల కాగే నీళ్ళలో వేసి తీసిందెవరనుకున్నావు? మా అత్త కొడవలి పట్టుకుని గుమ్మంలో నిలబడితే, తవుడు ముందు పోసేసింది. పోసి, ‘ఇంక ఈ బిడ్డ నాది, బొడ్డు నా ఇష్టమొచ్చినట్టు కోసుకుంటా’ అంది. మూడో నెలలో టీకాలాయన వచ్చాడు. అమ్మవారికి కోపమొస్తుందని మా అత్త తలుపు గడియ పెట్టింది. వెంకాయమ్మ వచ్చి తలుపు బాదింది చూడు! ‘నా కొడుకునివ్వండే! చేటెడు తవుడు పోసి కొనుక్కున్నాను. నా బిడ్డకి నేను టీకా వేయించుకుంటే మీరెవరే అడగటానికి?’ అని వీధి వీధంతా వినపడేటట్టు. మా అత్త ఏం మాట్టాడుద్ది? అమ్మింది తనే గదా!” పిచ్చమ్మ నవ్వింది. నవ్వినంతసేపూ ఆమె మొహం ఇరవై ఏళ్ళు వెనక్కి పోయింది. “ఎండాకాలం వస్తే చాలు, చెప్పాపెట్టకుండా వచ్చి నీళ్ళకుండలో వేలు పెట్టి చూసేది. చల్లగా ఉంటే మా ఆయన్ని గూడా తిట్టేది. ‘నా కొడుక్కి పచ్చినీళ్ళు తాగిస్తార్రా?’ అని.”

కళ్ళంలో గాలి పడిపోయింది. ఊక నెమ్మదిగా నేలకు దిగింది.

ఆ గొంతు జ్ఞానమణికి వినిపిస్తూనే ఉంది. తను మూఢనమ్మకం అన్నది, తలుపులు తెరిపించే తాళంచెవి. ఎవరి ఇంట్లోనూ మాట చెల్లని ఒంటరి మంత్రసాని, చేటెడు తవుడు పోసి పంతొమ్మిది ఇళ్ళలో తల్లి హక్కు సంపాదించుకుంది. మూడేళ్ళు ఒకే చూరు కింద ఉన్నా ఈ సంగతి తనతో ఎందుకు చెప్పలేదు? అడగలేదు గనుక. అడగడానికి బదులు అందరి ముందూ తప్పు పట్టింది గనుక. జ్ఞానమణి తంతిని మడిచింది. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

“అన్నీ తెలిసినప్పుడు వేలిముద్రకి భయమెందుకమ్మా?”

“తెలిస్తే భయం పోద్దా?” అంది పిచ్చమ్మ. “బ్లేడు సగం బతికించింది, తవుడు సగం బతికించింది. ఏ సగం ఏదో నాకేం తెలుసు? ఒకటి తీసేసి చూడమంటావా? అదీ ఇప్పుడా, వాడు మంచం మీదుండగా?”



పిచ్చమ్మ చేటను పీట మీద బోర్లించి, కొంగుతో మొహం తుడుచుకుంది. “నేను పోతాను. వేలిముద్ర మాత్రం వెయ్యను. వాడి తల్లి ఎవరని రాసుంది ఆ కాగితంలో?”

“వెంకాయమ్మ అని.”

“అయితే వెంకాయమ్మే పోద్ది. ఇరవై ఒక్కేళ్ళు వాణ్ణి ఆమె కొడుకన్నాను. పదిరోజులు నన్ను నేనే వెంకాయమ్మనుకుంటే నా నోరేం పడిపోదులే.”

“పిచ్చమ్మ గారూ! అక్కడ అంకారావు మిమ్మల్ని చూసి పిన్నీ అంటే?”

“అంటే, బతికున్నట్టే గదా!”

జ్ఞానమణి కళ్ళు తిప్పుకుంది. “వెంకాయమ్మ గారు చనిపోయారండీ. ఊరంతా మోసుకెళ్ళింది.”

“ఊరు సంగతి నాకొదిలెయ్. గుండు గీయించుకున్నవాళ్ళెవరూ నోరు విప్పరు. నీ పుస్తకాల్లో రాశావా పోయిందని?”

జ్ఞానమణి చెయ్యి తనకు తెలియకుండానే సంచి మీదికి పోయింది. పిచ్చమ్మ ఆ చెయ్యినే చూసింది.  “నువ్వు పద. నేను మంచి చీర కట్టుకుని వస్తాను” అంది.

*

బస్సు దుమ్ము ఇంకా రోడ్డు మీద తేలుతూనే ఉంది. పంచాయతీ ఆఫీసులో కుర్చీ మీద తెల్లటి ప్యాంటు, మోచేతుల దాకా మడిచిన చొక్కాతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. హెల్త్ ఇన్‌స్పెక్టరు అంతోనయ్య. ఎదుట గ్లాసులో మజ్జిగ ముట్టుకోకుండానే ఉంది. బల్ల మీద ఉన్నవి చావుల పుస్తకాలు కావు. పుట్టుకలవి. వీరరాఘవయ్య గోడవారగా నిలబడి ఉన్నాడు. పొడుం డబ్బా చేతిలో ఉంది గాని మూత తియ్యడం మరిచిపోయాడు.

“మీరేనా నర్సు? రండమ్మా, కూర్చోండి.” మాట మెత్తగా ఉంది. “నేను వచ్చింది కలరా పని మీద. టీకాల లెక్క సరిచూద్దామని ఈ పుస్తకాలు తీశాను. తీస్తే ఇదీ సంగతి. ఒకే ఆడమనిషికి పంతొమ్మిది కాన్పులు. అందులో ఒక ఏడాది ఇద్దరు, వాళ్ళిద్దరికీ మధ్య నాలుగు నెలల తేడా. ఆఖరి కాన్పునాటికి ఆవిడకు అరవై ఒక్కేళ్ళు.” ఆయన నవ్వలేదు. “గుమాస్తా గారిని అడిగితే చెమటలు పడుతున్నాయి గాని మాట రావడం లేదు. ఇవి దొంగ పుట్టుకలైతే నేను పైకి రాయక తప్పదు. పంతొమ్మిదిమందివీ కొట్టేస్తారు. ఆ పిల్లల బడి కాగితాలు, ఉద్యోగాలు అన్నీ తిరగతోడతారు.”

“దొంగ పుట్టుకలు కావండీ. అందరూ ఉన్నారు” అంది జ్ఞానమణి.

“పిల్లలుంటే సరిపోదు కదమ్మా. తల్లి?” ఆయన వేలు యాభయ్యో సంవత్సరపు వరస మీద ఆగింది. “ఈ వెంకాయమ్మ ఉందా అసలు? బతికే ఉందా?”

వీరరాఘవయ్య కిందికి చూశాడు.

జ్ఞానమణి మూడేళ్ళ ఉద్యోగంలో తప్పు లెక్క ఒక్కటీ రాయలేదు. టీకాలు వంద వేస్తే వందే రాసింది. పైవాళ్ళు నూట ఇరవై చేయమని సైగ చేసినా వందే రాసింది. సంచిలో చీటీ ఉంది. ఖాళీగా ఉన్నది ఒక్క గడే. అది నింపి బల్ల మీద పెడితే తన పని న్యాయంగా అయిపోతుంది. వెంకాయమ్మ కూడా న్యాయంగా చచ్చిపోతుంది. పిచ్చమ్మకు రైలు పాసు రాకుండా పోతుంది.

“ఉన్నారండీ” అంది.

ఆ మాట తన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

“అయితే పదండి, చూద్దాం. ఎక్కడుంటుంది?” ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి జరిపాడు.

“మీరు రానక్కర్లేదు బాబూ. నేనే వచ్చాను.”

గుమ్మంలో పిచ్చమ్మ. ఇస్త్రీ లేని పట్టంచు చీర, చంకలో మూట. ఎండలో రెండు మైళ్ళు వడిగా నడిచి వచ్చినందుకు ఊపిరి ఎగపోస్తోంది. ఆమె జ్ఞానమణి వైపు చూడలేదు, గుమాస్తా వైపు చూడలేదు. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, ఇన్‌స్పెక్టరుకు ఎదురుగా నిలబడింది.

“వెంకాయమ్మని నేనే. నా కొడుక్కి దెబ్బ తగిలిందంట. తొందరగా కాగితం రాయించండి, పోవాలి.”

నా కొడుకు. ఆ మాట ఆఫీసు గదిలో పడి అక్కడే నిలిచిపోయింది. ఏమన్నానోనని పిచ్చమ్మే ఒక్కక్షణం నోటి మీద చెయ్యి వేసుకుంది. జ్ఞానమణి తల తిప్పి వీరరాఘవయ్యను చూసింది. ఆయన తెరిచి ఉన్న బీరువా వైపు చూస్తున్నాడు.

అంతోనయ్య మాత్రం తొందరపడలేదు. నెరవని ఆమె జుట్టును, గట్టిగా ఉన్న ఆమె చేతులను చూశాడు. పుస్తకంలోకి వంగి, యాభయ్యో సంవత్సరంలో తల్లి వయసు నలభై ఎనిమిది అని ఉన్న గడిని వేలితో వెతికి పట్టుకున్నాడు. ఆ వేలు అక్కడే ఉంచి, తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగాడు.

“మీకిప్పుడు వయసెంతమ్మా?”